మా గల్లీ ఆటో ఆయన

అంజన్ చేసే ఉద్యోగమేమిటో వాళ్ళ అత్త రాణికి ఇన్నేళ్ళయినా సరిగ్గా బోధపడలేదు. ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ల కార్లు పెడ్తడు" అని చెప్పి ఊరుకునేది. తమాషా ఏమిటంటే, అంతకంటే బాగా అంజన్ కూడా చెప్పలేడు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక పాత మేడ ఉంది. కింద గడియారాల దుకాణం, మధ్యలో పళ్ళ డాక్టరు, పై అంతస్తులో వీళ్ళ ఆఫీసు. ఫోన్లో ఆడుకునే రేసుల ఆట ఒకటి అక్కడ తయారవుతుంది. ఆట పేరు గల్లీ రేస్. దాంట్లోకి ఎప్పటికప్పుడు కొత్త బండ్లు, కొత్త రోడ్లు వేస్తూ ఉండాలి. వెయ్యకపోతే ఆడేవాళ్ళకు మొహం మొత్తుతుంది, మొహం మొత్తితే ఇంకో ఆటలోకి పోతారు. ఏ బండి వెయ్యాలి, ఏ రోడ్డు వెయ్యాలి అని ఎంచిపెట్టేది అంజన్. వినడానికి పిల్లకాయల పనిలా ఉంటుంది గానీ, పెళ్ళిసంబంధం చూడటంలో కూడా అంత రాద్ధాంతం ఉండదు. బండి చూడ్డానికి బాగుండాలి, దాని చప్పుడు బాగుండాలి, మలుపులో పల్టీ కొట్టకూడదు, అన్నిటికీ మించి చవక ఫోన్లో కూడా పట్టాలి. రోడ్డయితే బుర్రున పోవడానికి కొంత తిన్నగా ఉండాలి, గుండె ఝల్లుమనడానికి ఒకటి రెండు వంపులుండాలి, దారిపొడుగునా చూడ్డానికి ఏదో ఒకటి కనిపిస్తూ ఉండాలి.

ఈ విద్య ఎక్కడ నేర్చావని అడిగితే అంజన్ కాలేజీ పేరు చెబుతాడు. అసలు నేర్చుకున్నది బిచ్చయ్య ట్రాలీ ఆటోలో. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

బిచ్చయ్య అంజన్‌కు మేనమామ, తల్లికి సొంత తమ్ముడు. నారాయణఖేడ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో కూలీనాలీ చేసుకుని బతికే కుటుంబం వాళ్ళది. ఊళ్ళో బడి ఐదో తరగతితో ఆగిపోతే, "పిలగాన్ని నాకియ్యి అక్కా, పట్నంల చదివిస్త" అని బిచ్చయ్య వచ్చి వెంటబెట్టుకుపోయాడు. ఆయనకూ రాణికీ పిల్లల్లేరు. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు ట్రాలీ ఆటో. ముందు డ్రైవరు సీటు, వెనక సామాను వేసే తొట్టి, కింద మూడు చక్రాలు. స్టేషన్‌లో దిగిన మూటలూ పెట్టెలూ ఎక్కించుకుని కోఠికో చాదర్‌ఘాట్‌కో చేర్చడం ఆయన పని.

బడి వేళ కాకముందు దొరికే మొదటి కిరాయికి అంజన్‌ను కూడా ఎక్కించుకునేవాడు. డ్రైవరు సీటు ఒక్క మనిషికే సరిపోతుంది. "జరుగు మామా" అనేవాడు పిల్లవాడు. మామ ఒక తొడ బయటికి పెట్టి జరిగేవాడు. ఆ సగం సీటు మీద కూర్చునే స్టేషన్ రోడ్డు ఎక్కడ వంగుతుందో, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఎప్పుడు బ్రేకు తొక్కాలో, అబిడ్స్‌లో ఏ మలుపు దగ్గర ఖాళీ బండి ఒక పక్కకు తేలుతుందో అంజన్ ఒంటికి పట్టించుకున్నాడు. మలుపు దాటగానే మామ పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "చూస్తివా అల్లుడా, ఎట్ల కొట్టిన?" అని అడిగేవాడు. ఆయన నోట అంజన్ పేరు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఇంట్లో అల్లుడే, వీధిలో అల్లుడే, బడిలో హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడినప్పుడు కూడా, "మా అల్లుడు సార్, జర మంచిగ చూసుకోండ్రి" అనే.

అల్లుడు పెద్దవాడయ్యాడు, చదువు పూర్తి చేశాడు, అబిడ్స్‌లో ఉద్యోగానికి వెళ్ళాడు. కంపెనీ నడిపే స్నేహలత హిమాయత్‌నగర్ మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. "ఇంట్లో ఏం చేస్తారు?" అని మొదటిరోజు మామూలుగా అడిగింది. ట్రాలీ నడుపుతారు అనడానికి అంజన్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, "మా మామయ్యది ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్, మేడం" అని వచ్చింది.

అబద్ధమా అంటే అబద్ధం కాదు. సామాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చేదాన్ని ట్రాన్స్‌పోర్ట్ అనే అంటారు. కానీ ఆమె కళ్ళకు లారీలు కనబడ్డాయి, గోడౌన్ కనబడింది, బహుశా ఒకరిద్దరు గుమాస్తాలు కూడా కనబడి ఉంటారు. అంజన్ వాటిలో ఒక్క లారీని కూడా వెనక్కి పంపలేదు. బొమ్మలు గీసే మణిదీప్ అయితే అప్పుడప్పుడు, "మామా, మీ వాళ్ళయి ఎన్ని లారీలున్నయి?" అని అడిగేవాడు. అంజన్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వులో ఎన్ని లారీలైనా పట్టేవి.

మణిదీప్ అంజన్‌ను మామా అంటాడు గానీ వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. హైదరాబాద్‌లో మామ కానివాడు ఎవడు? స్నేహితుడు మామ, చాయ్ పోసేవాడు మామ, కూడలిలో చలాన్ రాసే పోలీసు మామ. పాపం, తల్లి తమ్ముడికి కూడా ఆ మాటే దిక్కు.

ఈసారి ఆటలోకి మూడు కొత్త బండ్లు, ఒక కొత్త రోడ్డు వెయ్యాలనుకున్నారు. రోడ్డు గురించి పెద్ద పేచీ రాలేదు. మంచుకొండల రోడ్డు వేద్దామని మణిదీప్ అన్నాడు గానీ, అంజన్ లేచి బోర్డు మీద ఒక చుట్టు గీశాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర బయలుదేరి, మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్‌కు వచ్చి, చాపెల్ రోడ్డు పట్టుకుని మళ్ళీ నాంపల్లి చేరాలి. ఎక్కడ దూసుకుపోవచ్చో, ఎక్కడ తప్పుకోవాలో తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు. స్నేహలత ముచ్చటపడి, "ఇంత బాగా ఎలా తెలుసు మీకు?" అంది.

"చిన్నప్పటి సంది బండి మీద తిరిగిన రోడ్డే కద మేడం" అన్నాడు. ఏ బండి అని ఆమె అడగలేదు, ఇతను చెప్పలేదు.

పేచీ అంతా బండ్ల దగ్గర వచ్చింది. ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి, జీపు ఒకటి సరేననుకున్నారు. మూడోది ఏమిటి? "ఊరి రోడ్డు వేస్తున్నప్పుడు ఊరి బండి ఒకటి ఉండొద్దా?" అంది స్నేహలత. "ఆడేవాళ్ళు కూడా ట్రాలీ ఆటో పెట్టమని రాస్తూనే ఉన్నారు. నిజం బండిని తెప్పించి, ఫోటోలు తీసి, చప్పుడు రికార్డు చేద్దాం. ఎవరికైనా తెలిసిన ట్రాలీ ఉందా?"

అంజన్ తన కంప్యూటర్‌లో ఏదో చాలా ముఖ్యమైనది వెతకడం మొదలుపెట్టాడు.

ఆఫీసులో మూసుకున్న నోరు ఇంట్లో కూడా మూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "మా ఆఫీసోళ్ళు ట్రాలీ ఆటోను గేమ్‌ల పెడ్తరట అత్తా" అని వింత కబురులా చెప్పాడు. చెయ్యి కడుక్కుంటున్న బిచ్చయ్య ఆ చెయ్యి నీళ్ళ కింద అలాగే పెట్టి నిలబడిపోయాడు.

"ట్రాలీ ఆటోనా? గేమ్‌లనా? మన బండి లేదా మరి?"

"వాళ్ళు వేరేది చూసుకుంటరులే మామా."

"ఏంది చూసుకునేది? ఇంట్ల బండి పెట్టుకొని బయట దేవులాడుతరా? నేనొస్త. ఎప్పుడు రావాల్నో చెప్పు అల్లుడా."

"నీ బండి మోకాళ్ళ నొప్పులున్న ముసలిదాని లెక్క మూలుగుతది. అది ఇంటే పిలగాండ్లు ఫోన్లు పారేస్తరు" అంది రాణి.

"నువ్వూకో. స్పీడు తగ్గింది గాని ఆవాజ్ తగ్గలే దానికి."

కాదనడానికి అంజన్‌కు ఒక్క కారణమే ఉంది. అది పైకి చెప్పేది కాదు. "సరే మామా. గాని ఆడ జర తక్కువ మాట్లాడు. పెద్దోళ్ళుంటరు" అన్నాడు.

"నేనెందుకు మాట్లాడ్త రా? బండి మాట్లాడ్తది" అని బిచ్చయ్య అప్పుడే చీపురు, బకెట్ తీసుకుని బయటికి నడిచాడు.

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలవాళ్ళు అప్పుడప్పుడే పట్టాలు పరుస్తున్నారు. బిచ్చయ్య బండి సందులోకి తిరిగింది. తోమిన గిన్నెలా మెరుస్తోంది. అద్దానికి బంతిపూల దండ, కొత్త నిమ్మకాయ, మిరపకాయలు. దిగిన మనిషి ఒంటి మీద రోజూ తొడిగే ఖాకీ చొక్కా లేదు. పెళ్ళిళ్ళకు మాత్రమే పెట్టెలోంచి తీసే తెల్లచొక్కా తొడుక్కున్నాడు, తలకు నూనె రాసి దువ్వుకున్నాడు.

చూడగానే అంజన్‌కు సంతోషం కలగలేదు, బెదురు పుట్టింది. ఖాకీ చొక్కాలో వచ్చి ఉంటే డ్రైవరు వచ్చాడనుకుని ఊరుకునేవాళ్ళు. తెల్లచొక్కాలో చుట్టం వచ్చినట్టే ఉన్నాడు.

"మామా, ఇటు పెట్టు బండి" అని అలవాటు కొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాడు. కానీ వెంటనే మణిదీప్ మైకు పట్టుకుని, "మామా, జర సెల్ఫ్ కొట్టు... మామా, జర రేజ్ చెయ్యి" అని అందుకున్నాడు. ఫోటోలు తీసే కుర్రవాడు కూడా, "మామా, జర పక్కకు జరుగు" అన్నాడు. చూస్తుండగానే బిచ్చయ్య అందరికీ మామ అయిపోయాడు. అంజన్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఊరి భాషే తనను గట్టెక్కించిందనుకున్నాడు.

అప్పుడు స్నేహలత మెట్లు దిగి వచ్చింది. బండిని, పూలదండను చూసి ఆమె మొహం వికసించింది. "ఎంత బాగా ముస్తాబు చేసుకొచ్చారు! అంజన్, మీకు తెలిసినాయనా?"

బిచ్చయ్య తొట్టి వెనక వంగి తలుపు గొలుసు బిగిస్తున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. ఆ ప్రశ్న వినబడగానే ఆయన మొహం విప్పారింది. అల్లుడు ఇప్పుడు చెబుతాడు, లేచి దండం పెట్టాలి అన్నట్టుగా చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. అదంతా అంజన్ చూస్తూనే ఉన్నాడు.

"మా గల్లీ ఆటో ఆయన, మేడం" అన్నాడు.

"ఓ! చాలా థాంక్సండీ" అంది స్నేహలత, బిచ్చయ్య వైపు తిరిగి. తుడుచుకున్న చేతులు ఏం చేసుకోవాలో తోచక బిచ్చయ్య మళ్ళీ గొలుసు పట్టుకున్నాడు. బిగించిన గొలుసునే ఇంకోసారి బిగించాడు. తర్వాత మెల్లగా లేచాడు.

"ఇంకోపారి తిప్పాల్నా, సార్?" అని అడిగాడు.

ఎవరిని అడుగుతున్నాడా అని అంజన్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

సార్ అన్నది తననే. అక్కణ్ణుంచి వరసగా, "ఇట్ల నిలబెట్టాల్నా, సార్?", "హారన్ కొట్టాల్నా, సార్?" అంటూనే ఉన్నాడు. గొంతులో ఎగతాళి లేదు, కోపం లేదు. కోపంతో అంటే బాగానే ఉండేది, ఇంటికి పోయాక నాలుగు తిట్లు తిని తల వంచుకుంటే సరిపోయేది. మామ అల్లుడి మాట నిలబెట్టడం కోసం అచ్చంగా గల్లీ ఆటో ఆయన అయిపోయాడు. ఆ వేషం ఎంత చక్కగా కుదిరిందో చూస్తుంటే అంజన్‌కు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోలేదు సరికదా, "హా, కొట్టు" అని కూడా అన్నాడు.

పని కాగానే అందరూ చాయ్ తాగడానికి పైకి వెళ్ళారు. బిచ్చయ్యను ఎవరూ పైకి రమ్మనలేదు. రమ్మనాల్సినవాడు ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది నాని కప్పులో పడిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే కింద మామ ఎండలో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా మాస్తుందని బండికి కూడా ఆనుకోలేదు. చివరికి స్నేహలత దిగివెళ్ళి కిరాయి ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. వద్దంటే చుట్టరికం బయటపడుతుంది కదా!

ఇంట్లో ఆ రోజు ఏ గొడవా జరగలేదు. "ఏమన్నరు అల్లుని ఆఫీసోళ్ళు? మంచిగ కూసోబెట్టిన్రా?" అని రాణి అడిగింది. "కూసోబెట్టిన్రు. చాయ్ బిస్కెట్లు పెట్టిన్రు. మంచోళ్ళు" అన్నాడు బిచ్చయ్య, తెల్లచొక్కా విప్పి మడత పెడుతూ. అంజన్ స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పి, నీళ్ళు పోసుకోకుండా ఊరికే నిలబడ్డాడు. తనంత నీచుడు నాంపల్లిలో ఇంకెవడైనా ఉన్నాడా అనిపించింది.

తర్వాతి రోజుల్లో ఇంట్లో అన్నీ మామూలుగానే ఉన్నాయి. "తిన్నవా?" ఉంది, "తలుపేసుకో" ఉంది, "ఆలిశం జెయ్యకు" ఉంది. వాటి చివర ఉండే "అల్లుడా" మాత్రం లేదు. మామ అలిగాడనుకోవడానికి లేదు. ఇంట్లో సార్ అనడానికి ఆయనకు మనసు రాలేదు, అల్లుడా అనడానికి ధైర్యం చాలలేదు, అందుకని పిలవడమే మానుకున్నాడు.

కానీ స్టేషన్ ముందు ట్రాలీల అడ్డాలో చెప్పుకోవడం మాత్రం మానుకోలేదు. తన బండి గేమ్‌లోకి ఎక్కుతోందని, మీ పిల్లల ఫోన్లలో చూడండని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేశాడు. అంజన్ ఆ దారిన పోతే ఎవరో ఒకరు కేకేసేవాళ్ళు. "ఏం పిలగా, మా బిచ్చయ్య బండి ఎప్పుడొస్తది? మా పోరగాండ్లు రోజు అడుగుతున్నరు." అంజన్ ఆఫీసుకు చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

ఆఫీసులోనూ తప్పించుకునే దారి లేదు. మణిదీప్ బండిని ఉన్నదున్నట్టు దింపాడు. పూలదండ, గొలుసు, తొట్టి మూల సొట్టతో సహా. మీట నొక్కితే ఇంజను మామ దగ్గినట్టే దగ్గి అందుకుంటుంది. దాన్ని నాంపల్లి రోడ్డు మీద నడిపించి చూడాల్సింది అంజనే. నడిపిన ప్రతిసారీ, ఏ మలుపు తిరిగినా, "ఎట్ల కొట్టిన?" అని అడిగే గొంతు వినబడదు, "ఇంకోపారి తిప్పాల్నా, సార్?" అన్నదే వినబడుతుంది.

ఇంతలో ఆట బరువెక్కింది. చవక ఫోన్లలో పట్టడం లేదు. మూడు బండ్లలో ఒకదాన్ని తీసేయాల్సిందే, ఏది తియ్యాలో చెప్పమని స్నేహలత అంజన్‌ను అడిగింది.

"ట్రాలీ తీసేద్దాం మేడం" అన్నాడు అంజన్, ఆమె మాట ఇంకా పూర్తి కాకముందే. "దానికి స్పీడు లేదు. మూడు చక్రాలది కాబట్టి మలుపుల్లో పడిపోతోంది, దాని లెక్కలన్నీ వేరేగా రాయాలి. స్పోర్ట్స్ కారైతే అందరూ ఆడతారు."

చెప్పిన కారణాలన్నీ నిఖార్సయిన నిజాలు. లారీల్లేని ట్రాన్స్‌పోర్ట్‌ను ఎంత నిజంగా నడిపాడో, దీన్నీ అంత నిజంగానే నడిపాడు. ఆ బండి కంటిముందు లేకపోతే చాలు, తనకు కాస్త తెరిపిగా ఉంటుందనుకున్నాడు. స్నేహలత అయిష్టంగానే సరేనంది.

సాయంత్రం మామకు చెప్పక తప్పలేదు. "మామా, మన బండి తీసేసిన్రు."

"ఎవరు?"

"ఆఫీసోళ్ళు. ఫోన్ల పడ్తలేదట."

"నువ్వు చెప్పి చూసినవా?"

"చెప్పిన మామా. ఇనలే."

బిచ్చయ్య భుజం మీది తువ్వాల తీసి దులిపాడు. రేపు అడ్డాలో అందరికీ ఏం చెప్పుకోవాలా అని ఆలోచిస్తున్నాడనుకున్నాడు అంజన్. ఆయన దిగులు అది కాదు.

"పోనీ తియ్యి. నా బండి కోసమని వాళ్ళతోని లొల్లి పెట్టుకోకు. నీ మాట నడువలేదని మనసుల గూడ పెట్టుకోకు" అన్నాడు. "పెద్దోళ్ళ నడుమ మసులుకునుడు ఎంత కష్టమో నాకు ఎర్కనే. నువ్వు ఫికర్ గాకు." తర్వాత వంటగది వైపు తిరిగి, "ఇంకింత కూర వెయ్యి, నాలుగొద్దుల సంది సరిగ్గ తింటలేడు" అని రాణికి చెప్పాడు.

పళ్ళెంలో కూర పడింది. అంజన్ దాన్ని వేళ్ళతో కెలుకుతూ కూర్చున్నాడు. ఒకసారి కాదన్నవాడిని, రెండోసారి దొంగదెబ్బ తీసినవాడిని, ఆ నేరం ఇంకెవరి మీదో వేసినవాడిని కూర్చోబెట్టి ఓదారుస్తున్నాడు మామ. తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు ఆఫీసులో అడుగుపెడుతూనే స్నేహలత దగ్గరికి పోయాడు. మణిదీప్ కూడా అక్కడే ఉన్నాడు. "మేడం, ట్రాలీ ఉండాలి. ఇంకేదైనా తీసేద్దాం."

"నిన్ననే కదా మీరే వద్దన్నారు?"

"తప్పు చెప్పిన. అది మా మామ బండి."

మణిదీప్ పకపకా నవ్వాడు. "మనందరికీ మామనే గద మామా!" స్నేహలత కూడా నవ్వింది. "నిజమే, నాకు కూడా ఆయన బాగా నచ్చారు. కానీ అందుకని పెట్టలేం కదా అంజన్."

ఎన్నాళ్ళకో నిజం చెబితే అది జోకుల్లో కలిసిపోయింది. వాళ్ళకు తెలిసి ట్రాన్స్‌పోర్ట్ ఉన్నది మామయ్యకు, ట్రాలీ ఉన్నది మామకు. ఆదివారం నాడు ఏ మాట చాటున దాక్కున్నాడో, ఆ మాటే ఇప్పుడు దారికి అడ్డంగా నిలబడింది. ఇక్కడితో ఆగిపోయినా అడిగేవాళ్ళు లేరు. చెప్పాను, వినలేదు అనుకోవచ్చు, నిన్న మామతో ఆడిన అబద్ధం కూడా దానంతటదే నిజమైపోతుంది. అలాంటి ఆలోచన వచ్చినందుకు మరింత సిగ్గేసింది.

"అట్లాంటి మామ కాదు మేడం" అన్నాడు. "మా అమ్మ తమ్ముడు. తోడబుట్టిన తమ్ముడు. నన్ను పెంచింది ఆయనే, చదివించింది ఆయనే. నేనుండేది ఆయన ఇంట్లనే."

నవ్వులు ఆగిపోయాయి.

"మరి ట్రాన్స్‌పోర్ట్..." అన్నాడు మణిదీప్ మెల్లగా.

"అదే ట్రాన్స్‌పోర్ట్. ఉన్నది ఆ ఒక్క బండే."

స్నేహలత కుర్చీలో వెనక్కి వాలింది. ఆదివారం జరిగినదంతా ఒక్కొక్కటిగా ఆమెకు గుర్తుకు రావడం ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది. అంజన్ దాన్ని చూస్తూ నిలబడాల్సి వచ్చింది. "మిమ్మల్ని సార్ అన్నారు కదా ఆయన!" అంది చివరికి. అందులో తిట్టు లేదు, ఆశ్చర్యమే ఉంది. తిడితే అంత తగిలేది కాదు. "మనమంతా పైన చాయ్ తాగుతుంటే ఆయన కింద ఎండలో..." అని మాట సగంలో ఆపేసింది. తర్వాత బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్ది, "జీపు తీసేయండి. ట్రాలీ ఉంటుంది. సాయంత్రం నేను కూడా వస్తాను, ఆ రోజు చెప్పాల్సిన మాట చెప్పలేదు" అంది.

సాయంత్రం స్టేషన్ ముందు అడ్డాలో నాలుగైదు ట్రాలీలు ఆగి ఉన్నాయి. బిచ్చయ్య తన తొట్టి అంచు మీద కూర్చుని మిగతా డ్రైవర్లతో ముచ్చట్లలో ఉన్నాడు. అంజన్‌ను, అతని వెనకే వస్తున్న స్నేహలతను చూసి దిగ్గున లేచాడు. "అగో, నీ అల్లుడు..." అని పక్కవాడు ఏదో అనబోతే, వాడి చెయ్యి పట్టి గుంజి ఆపేశాడు.

"నమస్తే మేడం" అన్నాడు. ఆ చేతులు అలాగే అంజన్ వైపు తిప్పి, "నమస్తే సార్" అన్నాడు.

అడ్డా మొత్తానికీ తెలిసిన చుట్టరికాన్ని, అడ్డా నోరు నొక్కి మరీ దాచిపెడుతున్నాడు. డ్రైవర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అంజన్ మాకు అంతా చెప్పారండీ" అంది స్నేహలత. "మీరు వాళ్ళ సొంత మేనమామని ఆ రోజు మాకు తెలియదు. మిమ్మల్ని కింద నిలబెట్టాం, ఏమీ అనుకోకండి. మీ బండి గేమ్‌లో ఉంటుంది."

బిచ్చయ్య అంజన్ మొహంలోకి చూశాడు. అల్లుడు నిజంగానే చెప్పాడా, ఈమె ఎవరి ద్వారానో విని కూపీ లాగుతోందా అన్నది తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేక, తనకు తెలిసిన జాగ్రత్త తను పడ్డాడు.

"గట్లాంటిదేం లేదు మేడం. ఒక్క గల్లీల ఉంటం" అన్నాడు.

అది తన మాటే. తను అన్న మాటను మామ భద్రంగా దాచి, తన కోసమే మళ్ళీ వాడుతున్నాడు. అంజన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్నేహలత అటు తిరిగి స్టేషన్ గడియారం చూస్తున్నట్టు నిలబడింది. అంజన్ తిన్నగా మామ దగ్గరికి పోయాడు. మామ చెయ్యి పట్టి డ్రైవరు సీటు దగ్గరికి తీసుకొచ్చి, ఆయన కూర్చున్నాక పక్కన నిలబడ్డాడు.

"జరుగు మామా."

బిచ్చయ్య బెదురుగా చూశాడు. "మేడం చూస్తున్నది" అన్నాడు గొంతు తగ్గించి.

"చూడనీ."

మామ ఒక తొడ బయటికి పెట్టి జరిగాడు. ఇప్పుడు అంజన్‌కు అందులో పావు సీటు కూడా దక్కలేదు. సగం వేలాడుతూ కూర్చున్నాడు. ఇంజను దగ్గి అందుకుంది. స్టేషన్ చుట్టూ తిరిగి ఇంటి వైపు పోతుంటే, "తప్పైంది మామా" అన్నాడు. "తీసెయ్యమన్నది గూడ నేనే. వాళ్ళు కాదు."

"బస్సొస్తున్నది, కాలు లోపలికి పెట్టు" అన్నాడు బిచ్చయ్య.

బస్సు పోయింది. మలుపు వచ్చింది, పోయింది. ఇంకో మలుపు కూడా దాటారు. ప్రతి మలుపు తర్వాతా అంజన్ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. మామ రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాడు.

ఇంటి ముందు బండి ఆగిన చప్పుడు విని, "గిప్పుడే వచ్చినవేంది? ఎంట ఎవరన్న ఒచ్చిన్రా?" అని లోపల్నుంచి రాణి కేకేసింది.

బిచ్చయ్య తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఔ, సార్ వచ్చిండు. చాయ్ పెట్టు" అన్నాడు.

ఏదో తమాషా అనుకుని లోపల రాణి గట్టిగా నవ్వింది. అంజన్ గడప ఇవతల చెప్పులు విప్పడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తల ఎత్తితే మామ మొహం కనబడుతుంది, ఆ మాట నవ్వుతూ అన్నాడో కాదో తేలిపోతుంది.